సంతకానికి ముందు చదవాలనుకోవడం తప్పా?

ప్రశ్న:

నమస్కారం. మాది నెల్లూరు జిల్లా మెట్టప్రాంతంలో, వింజమూరు వైపు ఒక పల్లె. పెళ్ళయి ఈ ఊరొచ్చి తొమ్మిదేళ్ళు. డిగ్రీ చదివాను. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంటాను. చిన్నప్పటినుంచీ చదివే పిచ్చి. కావలి వెళ్ళినప్పుడల్లా పాత నవలలు రెండో మూడో తెచ్చుకుంటాను. పేపరు మాకు రాదు. పక్కింటివాళ్ళు చదివేశాక సాయంత్రానికి నా దగ్గరికి వస్తుంది.

పోయిన నెల పంచాయతీ ఆఫీసు నుంచి ఒకబ్బాయి రిజిస్టరు పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. గ్రామసభ జరిగిందట, మేమంతా వచ్చినట్టు సంతకాలు కావాలట. సభ సంగతే మాకు తెలియదు, టముకు కూడా వేయలేదు. "పైన ఏం రాశారో చదివి పెడతాను" అన్నాను. "అందురూ పెట్టేసినారు, మీరొక్కరే మిగిలింది. ఏముందమ్మా అందులో" అన్నాడు. చెయ్యి చాపితే పుస్తకం మూసేశాడు. నేను సంతకం పెట్టలేదు.

రాత్రికి మావారికి ఫోనొచ్చింది. మామగారి పాస్‌పుస్తకంలో విస్తీర్ణం తప్పు పడితే దాన్ని సరిచేయించుకునే పని నడుస్తోంది. "వాళ్ళతో మనకి పనులుంటాయి గదా, ఒక్క సంతకానికి ఇంత రాద్ధాంతమా" అన్నారు మామగారు. "నవలలు చదివి చదివి ప్రతిదానికీ ఎందుకు, ఏమిటి అనడం అలవాటైంది నీకు" అన్నారు మావారు. మా పుట్టింటివాళ్ళు అవతలి పార్టీవాళ్ళు కాబట్టి వాళ్ళే నాచేత అలా అనిపించారని ఊళ్ళో మాట. ఇంకొకాయనైతే "అంత ఆసక్తి ఉంటే ఈసారి ఆడవాళ్ళ సీటొచ్చినప్పుడు మెంబరుగా నిలబెడదాం, పనులు మీ ఆయన చూసుకుంటాళ్ళే" అని నవ్వాడు. మా అత్తగారొక్కరే ఏమీ అనలేదు. పడుకోబోయే ముందు మాత్రం నా దగ్గరికొచ్చి "ఏందమ్మే, అందులో ఏం రాసుందంట?" అని అడిగింది. నాకూ తెలియదు కదా, ఏం చెప్పను?

నేను చేసింది తప్పా? ఊరి సంగతులు వదిలేసి నా పుస్తకాలేవో నేను చదువుకోవాలా? లేక పుస్తకాలే మానేయాలా?

సమాధానం:

తప్పు కాదమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తే మీరు స్థిమితంగా మిగతాది చదువుతారు.

చదవకుండా సంతకం పెట్టిన మనిషిగా కూడా ఈ మాట చెబుతున్నాను. పాతికేళ్ళు కావస్తోంది. మాది ఒంగోలు అవతల పల్లె. మా పిల్లలు చదివే బడికి నన్ను విద్యాకమిటీ సభ్యురాలిని చేశారు. ఒక మధ్యాహ్నం రిజిస్టరు ఇంటికొచ్చింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. తలుపు దగ్గరే నిలబడి, చూపించినచోట సంతకం పెట్టి లోపలికెళ్ళిపోయాను. బడిలో మరుగుదొడ్ల తలుపులు బాగుచేయించినట్టు, ఆ డబ్బు ఖర్చయినట్టు అందులో రాసి ఉందని ఆర్నెల్ల తర్వాత తెలిసింది. తలుపులు అప్పటికీ విరిగే ఉన్నాయి. ఏడో తరగతి ఆడపిల్లలు ఇంటికొచ్చేదాకా ఆపుకుంటున్నారు, అందులో మా అమ్మాయి కూడా ఉంది. అడుగుదామని వెళితే ఆ పేజీ తీసి నా సంతకమే నాకు చూపించారు. ఇక మాట్లాడ్డానికి నోరేదీ? ఆ రోజు నుంచి కిరాణా కొట్లో అప్పుచీటీ అయినా సరే, చదవకుండా సంతకం పెట్టను. మీరు ఆ పాఠం ఏమీ పోగొట్టుకోకుండానే నేర్చుకున్నారు.

మీ ప్రశ్నలో నన్ను బాధపెట్టింది ఆఖరి వాక్యం. పుస్తకాలు ఒక పక్క, ఊరు ఒక పక్క పెట్టి, ఏది వదిలేయమంటారని అడిగారు. ఈ రెండూ వేరువేరని మీకు ఎవరు చెప్పారో కానీ, మీ జిల్లాలో మాత్రం ఆ మాట చెల్లదు. మీకు దగ్గరలోనే ఉన్న దూబగుంట పేరు మీరు వినే ఉంటారు. ఇప్పటి పిల్లలు సారా వ్యతిరేక ఉద్యమం అంటే పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అనుకుంటున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. పగలంతా కూలికిపోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట పలక పట్టుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారాకి సంసారం గుల్లయిపోయిన ఒక ఇల్లాలి కథ. చదవడమంటే అక్షరాలు కూడబలుక్కోవడమే, ఒక్కో వాక్యం దాటడానికి ఎంతసేపు పట్టేదో. అంత నిదానంగా, అంతమంది కలిసి చదివారు కాబట్టే ఆ వాక్యాలు వాళ్ళని వదల్లేదు. ఇది నా ఇంట్లో సంగతే కదా అని ఒకామె అంటే, నా ఇంట్లోనూ అంతేనని పక్కామె అంది. దూబగుంటలో రోశమ్మగారూ మిగతా ఆడవాళ్ళూ కలిసి ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ ఊరి సంగతి మళ్ళీ పాఠాల్లోకి ఎక్కి పక్క ఊళ్ళకి చేరింది. 1992 నాటికి జిల్లాలో సారా వేలంపాటలు సజావుగా జరగలేని పరిస్థితి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. అది రెండేళ్ళకే సడలిపోయిందనుకోండి, ఆ కథ వేరు. సారాకి పోయే డబ్బు మిగిలితే ఏం చేయాలన్న ఆలోచన లోంచే మీ జిల్లాలో పొదుపులక్ష్మి వచ్చింది, రోజుకొక్క రూపాయి దాచుకోవడం. మీరిప్పుడు పొదుపు సంఘంలో ఉంటే, ఆ సంఘం వేళ్ళు ఆ రాత్రిబడి దాకా వెళతాయి.

వాళ్ళు చదివింది మహాగ్రంథం కాదు, వాచకంలో ఒక పాఠం. మీరు వందల నవలలు చదివుంటారు. మరి తేడా ఎక్కడుంది? వాళ్ళది పదిమందిలో చదివిన చదువు. మీది మిషను పక్కన, పిల్లలు పడుకున్నాక, ఒక్కరే చదువుకునే చదువు. నిన్న చదివిన కథ గురించి మాట్లాడటానికి మీకు ఊళ్ళో ఇంకో మనిషి ఉందా? బహుశా లేదు. అందుకే రిజిస్టరు వచ్చిన రోజున కూడా ఒంటరిగానే నిలబడాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ రిజిస్టరు సంగతి. గ్రామసభ అంటే సర్పంచి పిలిస్తే వెళ్ళే పేరంటం కాదు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులేనని రాజ్యాంగంలోని 243వ అధికరణం చెబుతోంది. 73వ సవరణతో 1993 ఏప్రిల్ 24 నుంచి అది అమల్లో ఉంది. అంటే మీకు ఓటు ఉంది కాబట్టి మీరు సభ్యురాలు, మిమ్మల్ని ఎవరూ నియమించక్కర్లేదు, ఎవరూ తీసేయలేరు కూడా. మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం 1994లో వచ్చింది. పంచాయతీ జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, రాబోయే ఏడాది చేయబోయే పనులు, కొత్త పన్నుల ప్రతిపాదనలు గ్రామసభ ముందు పెట్టాలని దాని 6వ సెక్షను అంటుంది. మీకు చూపించకుండా మూసేసిన పేజీలో ఇలాంటి సంగతులే ఉండాలి. ఏ వీధిలో సీసీ రోడ్డు, ఏ బోరుకి మోటారు, ఎంత డబ్బు అన్నది అందులో ఉంటుంది. కింద మీ సంతకం ఉంటే, ఇవన్నీ మీ ముందు చదివారు, మీరు విన్నారు, సరేనన్నారు అని అర్థం.

అలాగని అందులో తప్పకుండా మోసం ఉందని అనుకోకండి. మీకు తెలియదు, నాకూ తెలియదు. చాలా ఊళ్ళలో జరిగేది ఇది: సభ అని చెప్పినా జనం రారు. వచ్చిన పదిమందిలో ఎనిమిదిమంది ఒకే పార్టీ మనుషులు. కార్యదర్శికేమో ఫలానా తేదీలోపల సభ జరిగినట్టు కాగితాలు పైకి పంపాల్సిన ఒత్తిడి. సభకి రాని ఊరికీ సభ పెట్టని ఆఫీసుకీ మధ్య ఆ రిజిస్టరే ఇంటింటికీ నడుస్తుంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిపారు. అంత ఆర్భాటంగా జరిగిన రోజున మీ ఊళ్ళో ఎంతమంది వెళ్ళారు? మీరు వెళ్ళారా? తప్పుపట్టడానికి అడగడం లేదు. మీరే గుర్తుచేసుకుంటే బాగుంటుంది.

ఇంటికొచ్చిన ఆ అబ్బాయి మీద కోపం పెట్టుకోకండి. చెప్పిన పని చేసే మనిషి, నాలుగు ఇళ్ళలో సంతకాలు తక్కువైతే చీవాట్లు పడేది అతనికే. మీరు మాట్లాడాల్సింది కార్యదర్శితో. ఒక పొద్దున సచివాలయానికి వెళ్ళండి. ఒక్కరే కాకుండా ఇంకొక ఆడమనిషిని తోడు తీసుకెళ్ళండి. "పోయిన గ్రామసభ తీర్మానాలు ఒకసారి చదువుకుంటానండీ, ఆ రోజు నాకు కుదర్లేదు" అనండి. నిలదీసినట్టు వద్దు. బ్యాంకులో పాస్‌బుక్ అడిగినంత మామూలుగా అడగండి. పేజీ చేతికొస్తే తేదీ, చోటు, తీర్మానాలు, పనుల పేర్లు, అంచనా మొత్తాలు ఒక కాగితం మీద రాసుకోండి. చూపించకపోతే గొడవపడకుండా వచ్చేయండి, ఫోను ఉంది కదా. కేంద్ర ప్రభుత్వం వారి ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటూ వెళితే ఆ ఏడాది ప్రణాళికలో పెట్టిన పనులూ, చెల్లింపులూ కనబడతాయి. మొదటిరోజు ఏమీ అర్థం కాదు. రెండోరోజు మీ వీధి పేరు కంటపడుతుంది, ఇక చదవడం మీకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

సమాచార హక్కు దరఖాస్తు కూడా ఉంది. 2005 చట్టం. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకి రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అయితే దాన్ని ఇప్పుడే వాడకండి. నగరంలో అది ఉత్తి కాగితం, పల్లెలో మాత్రం మనిషి మీద వేసిన కేసులా చూస్తారు. నోటితో రెండుసార్లు అడిగాక కూడా చూపించకపోతే అప్పుడు పెట్టండి.

ఇక ఇంట్లోవాళ్ళ భయం. దాన్ని తీసిపారేయను. మీ మామగారి మాటలో ఒక జీవితకాలపు అనుభవం ఉంది, సన్నకారు రైతుకి ఊళ్ళో పెద్దలతో చెడితే ఏమవుతుందో ఆయన చూసే ఉంటారు. అయితే ఒక సంగతి ఆయనకి నెమ్మదిగా చెప్పండి. పాస్‌పుస్తకంలో విస్తీర్ణం సరిచేసేది రెవెన్యూవాళ్ళు, తహశీల్దారు ఆఫీసు. పంచాయతీకి ఆ పనిలో అధికారం లేదు. ఊళ్ళో పెద్దమనిషి ఒక మాట చెబితే ఫైలు తొందరగా కదులుతుందేమో కానీ, మీరు సంతకం పెట్టలేదని దాన్ని చట్టప్రకారం ఆపగలిగేవాళ్ళు పంచాయతీలో ఎవరూ లేరు. మామగారి దరఖాస్తు రసీదు జాగ్రత్తగా పెట్టుకుని, తహశీల్దారు ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఈసారి మీరూ వెంట వెళ్ళండి. కాగితాలు చదివి చెప్పే కోడలు పక్కనుంటే ఎంత ధైర్యమో ఆయనకే తెలుస్తుంది. ఆ తర్వాత మీ చదువు మీద ఆ ఇంట్లో మాట మారుతుందని నా నమ్మకం.

మీవారితో వాదించకండి. నవలలు చదివితే ప్రశ్నలు వస్తాయన్న మాట నిజమే. ఇంకొకరి ఇంట్లోకి, ఇంకొకరి మనసులోకి వెళ్ళొచ్చిన మనిషికి తన ఇంట్లో, తన వీధిలో కొత్త సంగతులు కనబడతాయి. అది జబ్బు కాదు. ఈసారి మీరు చదువుతున్న దాంట్లో ఆయనకి నచ్చే పేజీలు రెండు వినిపించండి. నీళ్ళ మీదో పొలం మీదో రాసినవి ఉంటాయి కదా.

పార్టీ రంగు సంగతి కాస్త కష్టం. మన పల్లెల్లో ఆడపిల్ల ఎక్కడికెళ్ళినా పుట్టింటి పార్టీ ఆమె వెనకే వస్తుంది. మీరు ఎంత చెప్పినా ఆ ముద్ర ఒక్కరోజులో పోదు. పోగొట్టుకునే దారి నాకు తెలిసినంతవరకు ఒకటే: ఒక్క విషయం పట్టుకోండి, ఎవరు కుర్చీలో ఉన్నా దాన్నే అడగండి. అన్నీ అడిగితే పార్టీ అంటారు. ఒకటే అడిగితే ఏడాదికో రెండేళ్ళకో "ఆమె నీళ్ళామె" అంటారు. నీళ్ళే ఎందుకంటున్నానంటే, మీ ఉదయగిరి వైపునా మా కనిగిరి వైపునా బోరు నీళ్ళలో ఫ్లోరైడు బాధ ఎప్పటినుంచో ఉంది. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా సర్దుకోవచ్చని ప్రమాణం. మీ ఊరి బోరు నీళ్ళు పరీక్ష చేయించారా, ఎప్పుడు, ఎంత వచ్చింది? ఈ ప్రశ్నకి ఏ పార్టీ రంగూ అంటదు, అడిగినవాళ్ళ పిల్లలూ జవాబు చెప్పాల్సినవాళ్ళ పిల్లలూ ఆ నీళ్ళే తాగుతారు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే కట్టిపెట్టింది. కాబట్టి డబ్బు మాట కూడా అందులోనే వస్తుంది. ఒక్క జాగ్రత్త. ఊరి వాట్సాప్ గ్రూపులో మాత్రం ముందు పెట్టకండి. ఎదురుగా అడిగితే సంభాషణ అవుతుంది, అక్కడ పెడితే తెల్లారేసరికి కొట్లాట అవుతుంది.

మెంబరుగా నిలబెడతానన్న ఆయన నవ్వు నాకు నచ్చలేదు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి, వాటిలో కూర్చోవలసింది కూడా ఆడవాళ్ళే. నిలబడాలని మీకే అనిపిస్తే నిలబడండి. అనిపించకపోతే వద్దు. తొందరేమీ లేదు.

మీ ఉత్తరంలో నేను రెండుమూడుసార్లు వెనక్కెళ్ళి చదివింది మీ కుట్టుమిషను మాట. ఆ మిషను దగ్గరికి వారానికి ఎంతమంది ఆడవాళ్ళు వస్తారు? కొలతలివ్వడానికి ఒకసారి, తీసుకెళ్ళడానికి ఒకసారి, హుక్కు ఊడిందని ఇంకోసారి. కూర్చుంటారు, కాసేపు మాట్లాడుకుంటారు. సాయంత్రం పేపరు మీ చేతికొచ్చేది కూడా అప్పుడే. జిల్లా పేజీ తీసి పైకి చదవండి, పది నిమిషాలు చాలు. సోమశిల నీళ్ళ సంగతో, మీ మండలం వార్తో, ఎవరిదో పెన్షను ఆగిన సంగతో ఏదో ఒకటి ఉంటుంది. పేపరులో ఏమీ లేని రోజున నవల చదవండి. ఎక్కడ ఆపినా "తర్వాతేమైంది" అని మర్నాడు ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. నేను మా పొదుపు సంఘంలో ఇలాగే మొదలుపెట్టాను. మొదటి నెల ముగ్గురు. ఇప్పుడు మా సంఘం లెక్కల పుస్తకం కూడా పైకే చదువుతాం.

పుస్తకాలకి కావలి దాకా పోనక్కర్లేదేమో కూడా చూడండి. మీ ఇంటిపన్ను రసీదు తీసి, అందులో గ్రంథాలయ సెస్సు అన్న వరస వెతకండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకి కడుతున్నాం. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు 80 రూపాయలు పుస్తకాలకి ఇస్తున్నట్టు. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకి చేరాలి. పంచాయతీలకి అప్పగించదగ్గ 29 అంశాల్లో గ్రంథాలయాలు 20వది. ఊళ్ళో నూటికి తొంభైమంది ఈ వరస చదవకుండానే రసీదు సూరులో దోపేస్తారు. మీరు చదివి, మీకు దగ్గరి శాఖా గ్రంథాలయం ఎక్కడుందో, మీ ఊరికి పుస్తకాలు వచ్చే వీలుందో కనుక్కోండి.

వీలైతే ఒక ఆదివారం వేటపాలెం వెళ్ళి రండి. 2022 దాకా మా ప్రకాశం జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లా. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో ఆ ఊరి యువకులు కూడి పెట్టుకున్నది. 1929లో గాంధీగారు వచ్చారు, ఆయన చేతికర్ర ఒకటి ఇంకా అక్కడే ఉంది. నన్ను కదిలించింది మాత్రం కర్ర కాదు, అట్టలు కట్టి దాచిన పాత పత్రికలు. నేతగాళ్ళ ఊరు అది. అలాంటి ఊళ్ళో వందేళ్ళుగా కాగితాలు పోకుండా కాపాడుకొచ్చారు. మన పంచాయతీ రిజిస్టర్లు కూడా అలా విప్పి చూసుకోదగ్గవే అనిపించింది ఆ అలమారల మధ్య నిలబడితే.

అన్నట్టు, రిజిస్టరు మళ్ళీ ఇంటికొస్తే ఏం చేయాలో కూడా చెబుతాను. లోపలికి పిలిచి కూర్చోబెట్టండి, మజ్జిగ ఇవ్వండి. చదివాక, మీరు నిజంగా సభకి వెళ్ళి ఉంటేనే సంతకం పెట్టండి. ఆఖరి తీర్మానానికీ మొదటి సంతకానికీ మధ్య ఖాళీ వదిలితే అక్కడ గీత కొట్టమని అడగండి. మీ సంతకం పక్కన మీ చేత్తో తేదీ వేయండి. వెళ్ళకపోతే "వచ్చేసారి టముకు వేయించండి, నేనే నలుగురిని తీసుకొస్తాను" అని చెప్పి పంపండి. అని ఊరుకోకుండా నిజంగానే తీసుకెళ్ళండి.

సచివాలయానికి తోడు ఎవరిని తీసుకెళ్ళాలా అని ఆలోచించకండి, మీ అత్తగారిని తీసుకెళ్ళండి. ఆ ఇంట్లో మిమ్మల్ని తప్పుపట్టకుండా, అందులో ఏం రాసుందో తెలుసుకోవాలనుకున్నది ఆవిడే. వయసు లెక్కన చూస్తే అక్షరదీపం రోజులు ఆవిడకి గుర్తుండొచ్చు, పలక పట్టుకుని కూర్చున్న మనిషే కావచ్చు, అడిగి చూడండి. ఆ పేజీ తీయించి, ఆవిడ పక్కన కూర్చుని, వేలుపెట్టి పైకి చదవండి. ఆవిడ అడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు కదా.